ముందు వెలుతురు, తర్వాతే చీర
జంట ఫొటోల బట్టలు, ఏర్పాట్ల మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాఘమాసంలో మా పెళ్లి. డిసెంబరు మధ్యలో గండికోటలో ప్రీ వెడ్డింగ్ షూట్ పెట్టుకున్నాం. నాకు మెరూన్ లెహంగా, తనకి నల్ల షర్టు ఇప్పటికే కొన్నాం. ఇంకో నాలుగు జతలైనా ఉండాలని కాబోయే ఆడపడుచు అంటున్నారు. ఏ రంగులు తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: అప్పుడే ఇంకేమీ కొనకండి. ముందు టైము లెక్క చూసుకోండి. డిసెంబరు మధ్యలో అక్కడ సూర్యుడు ఆరున్నర దాటాక వస్తాడు. ముఖాల మీద మెత్తటి వెలుతురు ఎనిమిది, మహా అయితే ఎనిమిదింబావు వరకే. ఆ తర్వాత ఎండ నడినెత్తికెక్కే కొద్దీ కళ్ల కింద నీడలు పడతాయి, జరీ తెల్లగా మండిపోతుంది. మళ్లీ మంచి వెలుతురు సాయంత్రం నాలుగుంబావు నుంచి సూర్యాస్తమయం దాకా, అంటే సుమారు పావు తక్కువ ఆరు వరకు. రెండు పూటలా కలిపి మీ చేతికొచ్చేది మూడు గంటలు. చీర మార్చి, కుచ్చిళ్లు సర్ది, నగలు మార్చి, జడ సరిచేసుకునేసరికి అరగంట తేలిగ్గా పోతుంది. ఐదు జతలంటే షూట్ అంతా బట్టలు మార్చుకోవడంతోనే సరి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యాహ్నం నీడలో తీసుకోడానికి తేలికైనది ఇంకొకటి. మూడు జతలు చాలు. ఆడపడుచుగారికి ఈ లెక్కే చెప్పండి.

ఇక రంగులు. గండికోట లోయ రాయి ఎర్రటి రాయి. పొద్దుటెండలో ఇంకా ఎర్రగా, నారింజ రంగులో కనిపిస్తుంది. దాని ముందు మెరూన్, ఇటుకరంగు, గోధుమరంగు కట్టుకుంటే బట్ట రాయిలో కలిసిపోతుంది, ముఖాలు మాత్రమే మిగులుతాయి. లోయ దగ్గర నెమలికంఠం నీలం, సముద్రపు పచ్చ, మీగడ తెలుపు బాగా విడివడి కనిపిస్తాయి. కొన్న లెహంగా వృథా అనుకోకండి. సాయంత్రం ఆకాశం వెనక వచ్చేలా గానీ, పచ్చటి చేల వైపు గానీ నిలబడితే అదే మెరూన్ అదిరిపోతుంది. నల్ల షర్టుతోనే చిక్కు. మీ ముఖాలకి సరిపడా వెలుతురు పెడితే షర్టు మడతలు, గుండీలు ఏవీ కనపడక నల్లటి మచ్చలా వస్తుంది. ముదురు నీలం, సీసా ఆకుపచ్చ అయితే అంతే హుందాగా ఉంటాయి, నేత కూడా కనిపిస్తుంది.

ఇద్దరూ ఒకే రంగు వేసుకోవడం ఇప్పుడు బాగా నడుస్తోంది, కానీ అందులో యూనిఫాం వాసన తప్ప అందమేమీ లేదు. ఒకరిది జరీ, పూలు, బుటాలు ఉన్నదైతే రెండోవారిది సాదాగా ఉండాలి. చీర అంచులోని రంగు ఏరుకుని, దాన్ని ఒక మెట్టు తగ్గించి లాల్చీకి తీసుకోండి. సన్నటి గళ్లు, దగ్గర దగ్గర చారలున్న చొక్కాలు మానేయండి. కెమెరా సెన్సర్‌లోని గడులకీ ఆ గీతలకీ పొత్తు కుదరక బట్ట మీద అలల్లా రంగులు పాకుతాయి. వీడియోలో మరీ ఘోరం. కొనే ముందు రెండు జతలూ పగటి వెలుతురులో పక్కపక్కన పరిచి ఫోన్లో ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌కి మార్చి చూడండి. రెండూ ఒకే బూడిదరంగులో వస్తే, దగ్గరగా నిలబడ్డప్పుడు ఎవరి చెయ్యి ఎక్కడ మొదలైందో తెలియదు. షాపులో లైట్ల కింద చూసిన రంగుని నమ్మొద్దు, గుమ్మం బయటికి తెచ్చి చూపించమనండి.

కోట రక్షిత కట్టడం కాబట్టి ట్రైపాడ్‌కీ డ్రోన్‌కీ అనుమతులు ఉన్నాయో లేదో ఫొటోగ్రాఫర్‌ని ముందే అడగండి. లోయ అంచున గాలికి లెహంగా కాళ్లకి చుట్టుకుంటుంది. పది అడుగులు వెనక నిలబడండి. కెమెరా నేలకి దగ్గరగా పెట్టి తీస్తే అంచునే ఉన్నట్టు వస్తుంది. హీల్స్ ఫొటో దగ్గరే వేసుకోండి, నడకకి చెప్పులు. సంచిలో రెండు డజన్ల పిన్నులు, రెండు వైపులా అంటుకునే టేపు, తడి టిష్యూలు, సూదీ దారం, దుప్పటి, అరటిపళ్లు, నీళ్లు. బట్టలు ముందురోజు ఇస్త్రీ చేయించి హ్యాంగర్ల మీదే కారులో వేలాడదీయండి. మడతపెట్టి తెచ్చిన లినెన్ షర్టుకి అక్కడ ఇస్త్రీపెట్టె దొరకదు.

ప్రశ్న: జనవరిలో విశాఖ బీచ్‌లో సూర్యాస్తమయం ఫొటోలు కావాలి. తెల్ల షిఫాన్ చీర అనుకున్నాను. నీళ్లలో నడుస్తూ తీయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: విశాఖలో సముద్రం తూర్పున. సూర్యుడు నీళ్లలోంచి వస్తాడు గానీ నీళ్లలోకి వెళ్లడు. సాయంత్రం ఊరివైపు, కొండల వెనక దిగిపోతాడు. మీరు అనుకున్న ఫొటో కావాలంటే జనవరిలో ఆరింటికల్లా తయారై ఇసుక మీద ఉండాలి, ఆరున్నర ప్రాంతంలో సూర్యోదయం. అంటే మేకప్ మూడున్నర, నాలుగు గంటలకే మొదలు. పొద్దున్నే లేవలేమంటే రాజమహేంద్రవరం ఘాట్లకి వెళ్లండి. అక్కడ గోదావరి పడమట ఉంటుంది.

తెల్ల షిఫాన్ తడిస్తే ఒంటికి అతుక్కుపోతుంది, లోపలి లంగా బొందు ముడి దాకా కనిపిస్తుంది. ఎండకి ఎదురుగా కెమెరా పెడితే తడవకపోయినా కాళ్ల నీడ తెలుస్తుంది. లేత గులాబీ గానీ లేత నీలం గానీ జార్జెట్ తీసుకుని, లోపల లంగాకి బదులు ఒంటిరంగులో శారీ షేపర్ (ఒంటికి పట్టి ఉండే స్కర్టు) వేసుకోండి. పొడి ఫొటోలన్నీ అయ్యాక చివర్లోనే నీళ్లలోకి. పట్టుచీరతో మాత్రం అడుగుపెట్టకండి, ఉప్పునీరు జరీని నల్లబరుస్తుంది. నౌకాదళం, విమానాశ్రయం ఉన్న ఊరు కాబట్టి డ్రోన్ ఎగరేస్తానన్నవారిని రిజిస్ట్రేషన్, అనుమతి చూపించమనండి.

ప్రశ్న: నేను చామనఛాయ, తను తెలుపు. మేకప్ ఆమె నాకు రెండు షేడ్లు పెంచుతానంటోంది. మంచిదేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దు. రెండు షేడ్లు పెంచిన ముఖానికి మెడ, చెవులు, చేతులు తోడు రావు. అతని భుజం మీద చెయ్యి వేసిన ప్రతి ఫొటోలో ఆ తేడా బయటపడుతుంది. ఫౌండేషన్ రంగుని దవడ కింద, పగటి వెలుతురులో సరిచూడమనండి. ఇద్దరి ఛాయ సరిగ్గా రావడం ఫొటోగ్రాఫర్ పని: వెలుతురు వచ్చే వైపు మిమ్మల్ని నిలబెట్టి, తనని అర అడుగు వెనక్కి జరిపితే చాలు. పసుపుపచ్చ, రాణీ రంగు, ముదురు ఆకుపచ్చ మీకు బాగా నప్పుతాయి. రేడియం రంగులు ఎవరికీ నప్పవు, గడ్డం కింద ఆ రంగే ప్రతిఫలిస్తుంది.

ఫ్లాష్ ఫొటోలుంటే ఇంకో జాగ్రత్త. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ మీద ఫ్లాష్ పడితే ముఖం విభూతి రాసినట్టు తెల్లబోతుంది. మేకప్ ట్రయల్ రోజునే ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూసుకోండి. ఫేషియల్ వారం ముందు, ఐబ్రోస్, వ్యాక్సింగ్ రెండు మూడు రోజుల ముందు. ఆఖరి రెండు వారాల్లో కొత్త క్రీము ఏదీ వద్దు. తెల్లబరుస్తుందని మందులషాపులో చేతికిచ్చే స్టెరాయిడ్ క్రీములు అసలే వద్దు, చర్మం పలచబడి మొటిమలు తేలతాయి. పెళ్లికి పది రోజుల ముందే షూట్ అయితే గోరింటాకు పెట్టుకోకండి. పెళ్లినాటికి సగం చెరిగి మచ్చలు మచ్చలుగా ఉంటుంది.

ప్రశ్న: పంచె కట్టుకోమంటున్నారు. ఎప్పుడూ కట్టలేదు. వెల్‌క్రో పంచె సరిపోతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిలబడి తీసే ఫొటోలకి సరిపోతుంది. మెట్లు ఎక్కినా, కూర్చున్నా నడుం దగ్గర పట్టీ ఉబ్బుతుంది. అడ్డకట్టుకి నాలుగు మూరలది, గోచీ పోసి కట్టడానికి ఎనిమిది మూరలది కావాలి. కొత్త పంచెలో గంజి ఎక్కువుంటే డబ్బాలా నిలబడుతుంది, ఒకసారి ఉతికించండి. లోపల తెల్ల నిక్కరు కాదు, ఒంటిరంగుది. తెలుపు కింద తెలుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లాల్చీ జేబులో ఫోను, తాళాలు పెట్టుకోవద్దు. స్మార్ట్‌వాచ్ తీసేయండి.

ప్రశ్న: వచ్చే నెల నాన్నగారి షష్టిపూర్తి. అమ్మానాన్నలకి ఇంట్లోనే జంట ఫొటోలు తీయించాలని ఉంది. అమ్మకి కళ్లజోడు, మోకాళ్ల నొప్పులు. నాన్నగారు కెమెరా చూస్తే బిగుసుకుపోతారు.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఇంట్లోనే అనుకోవడం మంచిది. వరండాలో నీడలో, బయటి వెలుతురు ముఖాల మీద పడేలా కూర్చోబెట్టండి. అమ్మగారికి కొత్త పట్టుచీర కట్టిస్తే కూర్చున్నప్పుడు కుచ్చిళ్లు ఉబ్బి నిలబడతాయి. వాడిన పట్టుచీరో, నూలు ఒళ్లు, పట్టు అంచు ఉన్న గద్వాల చీరో ఒద్దికగా ఒదుగుతుంది. బీరువాలో ఏళ్లతరబడి ఉన్న చీరని రెండు రోజుల ముందే తీసి ఆరేయండి, మడత గీతలు తగ్గుతాయి, కలరా ఉండల వాసనా పోతుంది. ఎండకి నల్లబడే అద్దాలైతే నీడలో కూడా కొంత నల్లబడతాయి. అద్దాలు తెల్లబడడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కాబట్టి ఫొటో తీసే క్షణం దాకా జోడు లోపలే ఉంచి అందించండి. మెరుపు పడుతుంటే చెవి వెనక కాడలు కొద్దిగా పైకి లేపితే అద్దం కిందికి వంగి మెరుపు పోతుంది. నాన్నగారు జుట్టుకి రంగు వేసుకుంటే నాలుగు రోజుల ముందే వేయండి, కణతల మీది మరక వదులుతుంది.

బిగుసుకుపోయేవారికి పోజులు చెప్పకండి, చేతికి పని ఇవ్వండి. తమలపాకుల పళ్లెం మధ్యలో పెట్టి, ఆయన్ని సున్నం రాసి చిలకలు చుట్టి అమ్మగారికి అందించమనండి. చూపు కెమెరా మీంచి ఆకుల మీదికి పోతుంది. గడప మీద కూర్చోబెట్టాలని ఫొటోగ్రాఫర్ సరదా పడినా పెద్దవాళ్లు ఒప్పుకోరు, అరుగు చాలు. అమ్మగారికి చేతులున్న కుర్చీ వేసి, నాలుగంగుళాల దిండు ఎత్తు పెడితే మోకాళ్లు ఎక్కువ వంగవు, లేవడమూ తేలిక. మొత్తం ముప్పావు గంటకి మించనివ్వకండి. మనవలతో కలిసి తీసేవి ఆఖరికి ఉంచండి, పిల్లలు ముందే వస్తే ఇద్దరి కళ్లూ వాళ్ల మీదే ఉంటాయి.