హాంకాంగ్ కోర్టుల మీద ఒత్తిడి చట్టంలో ఎక్కడ ఉంది?

"కోర్టులు అవే, జడ్జిల విగ్గులు అవే, కామన్ లా కూడా అదే. మరి హాంకాంగ్‌లో న్యాయస్వతంత్రత పోయిందని ఎలా అంటారు?" అన్నది మీ ప్రశ్న.

బీజింగ్ నుంచి జడ్జికి ఫోన్ వచ్చిందా అని వెతికితే ఏమీ తేలదు. ఫోన్ చేయాల్సిన పని లేకుండానే చట్టం రాసుకున్నారు. బీజింగ్ చేసి, 2020 జూన్ 30 రాత్రి 11 గంటలకు హాంకాంగ్‌లో అమల్లోకి తెచ్చిన జాతీయ భద్రతా చట్టంలో 66 అధికరణాలున్నాయి. ముందు 42, 44, 46, 65 చదవండి.

44 ప్రకారం భద్రతా కేసులు ఏ జడ్జిలు వినవచ్చో చీఫ్ ఎగ్జిక్యూటివే, అంటే హాంకాంగ్ ప్రభుత్వాధిపతే, ఎంపిక చేస్తారు, అదీ ఒక్క ఏడాదికి. ఈలోగా భద్రతకు భంగం కలిగించే మాట జడ్జి నోట వచ్చిందంటే జాబితాలోంచి పేరు పోతుంది. ఫలానా కేసు ఫలానా జడ్జికి అని వేసేది మాత్రం కోర్టులే. ప్రభుత్వం ఎప్పుడూ దీన్నే చూపిస్తుంది. నిజమే, కానీ ఏరుకోవాల్సింది ఆ జాబితాలోంచే కదా. 46 కింద న్యాయశాఖ కార్యదర్శి ఒక సర్టిఫికెట్ ఇస్తే జ్యూరీ ఉండదు, ముగ్గురు జడ్జిలు కూర్చుంటారు. 2021లో మొదటి కేసు, టాంగ్ యింగ్-కిట్‌ది, అలాగే నడిచింది.

అసలు దెబ్బ 42, అంటే బెయిల్. మామూలు కేసుల్లో బెయిల్ ఎందుకు ఇవ్వకూడదో ప్రాసిక్యూషన్ చెప్పాలి. ఇక్కడ తిరగబడింది: నిందితుడు మళ్లీ భద్రతకు ముప్పు తేడని నమ్మడానికి తగిన కారణాలు జడ్జికి కనబడితేనే బెయిల్. పత్రికాధిపతి జిమ్మీ లైకి 2020 డిసెంబర్ 23న హైకోర్టు బెయిల్ ఇచ్చింది. 31కల్లా ఆయన మళ్లీ జైల్లో ఉన్నారు. 2021 ఫిబ్రవరి 9న హాంకాంగ్ అత్యున్నత న్యాయస్థానమైన కోర్ట్ ఆఫ్ ఫైనల్ అప్పీల్ ఆ బెయిల్‌ను కొట్టేస్తూ ఇంకో మాట కూడా తేల్చింది: ఈ చట్టం రాజ్యాంగబద్ధమా కాదా అని పరీక్షించే అధికారం తమకు లేదని. లై విచారణ మొదలైంది 2023 డిసెంబర్‌లో.

మన ఉగ్రవాద నిరోధక చట్టం ఉపాలో బెయిల్‌ను బిగించే 43డి(5) సెక్షన్ తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. అయితే అదే 2021 ఫిబ్రవరిలో, 1వ తేదీన, మన సుప్రీంకోర్టు నజీబ్ కేసులో విచారణ ఏళ్ల తరబడి సాగితే రాజ్యాంగం 21వ అధికరణం (జీవించే హక్కు, వ్యక్తిగత స్వేచ్ఛ) కింద బెయిల్ ఇవ్వొచ్చంది. మన దేశంలో ఆ దారిని ఎంతగా వాడుతున్నారన్నది వేరే గొడవ. హాంకాంగ్‌లో ఆ దారే లేదు.

ఇక 65: చట్టానికి అర్థం చెప్పేది బీజింగ్‌లోని నేషనల్ పీపుల్స్ కాంగ్రెస్ (చైనా పార్లమెంటు) స్టాండింగ్ కమిటీ. ఇది పనిచేసే తీరు చూడాలంటే జిమ్మీ లై తరఫున వాదించాల్సిన బ్రిటిష్ న్యాయవాది టిమ్ ఓవెన్ వ్యవహారం చూడండి. ఆయన్ను రానివ్వొచ్చని కోర్టులు వరసగా చెప్పాయి. 2022 నవంబర్ 28న కోర్ట్ ఆఫ్ ఫైనల్ అప్పీల్‌లోనూ ప్రభుత్వం ఓడింది. అదే రోజు చీఫ్ ఎగ్జిక్యూటివ్ జాన్ లీ బీజింగ్‌ను అర్థం చెప్పమన్నారు. డిసెంబర్ 30న జవాబొచ్చింది: విదేశీ న్యాయవాది విషయంలో కోర్టు ముందు చీఫ్ ఎగ్జిక్యూటివ్ సర్టిఫికెట్ తీసుకోవాలి, లేదంటే భద్రతా కమిటీ తేలుస్తుంది. ఆ కమిటీకి అధ్యక్షుడు కూడా చీఫ్ ఎగ్జిక్యూటివే, దాని నిర్ణయాలపై కోర్టుకు వెళ్లే వీల్లేదు. తీర్పును ఎవరూ కొట్టేయలేదు, అది కాగితం మీద అలాగే ఉంది. ఓవెన్ మాత్రం ఆ కేసు వాదించలేదు.

ఇదంతా చదివి "జడ్జిలంతా తోలుబొమ్మలే" అనేస్తే పొరపాటు. వ్యాపార తగాదాలు పాత పద్ధతిలోనే నడుస్తున్నాయి. తియానన్మెన్ సంస్మరణ సభలు జరిపిన ముగ్గురి శిక్షను 2025 మార్చిలో పై కోర్టే రద్దు చేసింది, ప్రాసిక్యూషన్ సాక్ష్యంలో కీలక భాగాలకు నల్లరంగు పూసి ఇచ్చిందన్న కారణంతో. అనధికార ప్రైమరీ ఎన్నిక జరిపినందుకు 47 మంది ప్రజాస్వామ్యవాదులపై పెట్టిన భద్రతా కేసులోనూ ఇద్దరు విడుదలయ్యారు. 31 మంది ముందే నేరం ఒప్పుకున్నారు. ఈ లెక్క చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: అప్పటికి వాళ్లలో ఎక్కువమంది 2021 నుంచి బెయిల్ లేకుండా లోపలే ఉన్నారు.

తీర్పు తేదీ దగ్గర ఆగిపోకండి, విడుదల తేదీ కూడా లెక్కగట్టండి. సత్ప్రవర్తనకు మామూలుగా శిక్షలో మూడో వంతు దాకా తగ్గేది. 2024 మార్చి 23న అమల్లోకి వచ్చిన స్థానిక భద్రతా చట్టం తర్వాత, విడుదల వల్ల భద్రతకు హాని లేదని జైళ్ల కమిషనర్ ఒప్పుకుంటేనే ఆ తగ్గింపు. అంతకుముందు శిక్ష పడినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.