సూకీ నవలలు పదమూడూ వరుసగా చదవాలా? పర్లాకిమిడి మందుల షాపు నుంచి నా జవాబు

ప్రశ్న ఇది: "షార్లేన్ హారిస్ రాసిన సూకీ స్టాక్‌హౌస్ నవలలు పదమూడు ఉన్నాయి. రక్తపిశాచాలతో ప్రేమ, మధ్యలో హత్యలు, పరిశోధన. అన్నీ చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా? అంత సమయం పెట్టవచ్చా?"

పదమూడూ చదివాను. మొదటి ఏడింటిని రెండేసి సార్లు చదివాను. నిక్షేపంగా సమయం పెట్టవచ్చు. కానీ పిశాచాల కోసమే మొదలుపెడితే నాలుగైదు పుస్తకాలకే విసుగు పుడుతుంది. ఈ నవలల్లో అసలు సంగతి సూకీ చెవులు.

ఆమె లూసియానా రాష్ట్రంలో బాన్ టెంప్స్ అనే కల్పిత ఊళ్లో, బారులో వడ్డించే పిల్ల. ఎదుటి మనిషి మనసులో అనుకునే మాట ఆమెకు వినబడుతుంది. వద్దన్నా వినబడుతుంది. నవ్వుతూ పలకరించేవాడు లోపల ఏమనుకుంటున్నాడో తెలుస్తూనే అతని ముందు పళ్లెం పెట్టాలి. జపాన్‌లో కృత్రిమ రక్తం తయారవడంతో, ఇక మనుషుల్ని వేటాడవలసిన పని లేదంటూ పిశాచాలు బయటపడి కొన్నేళ్లయిన కాలం అది. ఒక రాత్రి బిల్ అనే పిశాచం వచ్చి ఆమె వడ్డించే బల్ల దగ్గర కూర్చుంటాడు. అతని మనసులోంచి ఒక్క ముక్క కూడా వినబడదు. సూకీకి ప్రాణం లేచి వస్తుంది. వాళ్ల ప్రేమకు మూలం ఆ నిశ్శబ్దమే. దీన్ని పట్టుకోకుండా "బిల్ మంచివాడా, ఎరిక్ అనే ఇంకో పిశాచం మంచివాడా" అని కొట్టుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ముందు క్రమం సంగతి చెప్పేస్తాను. నాకు మొదట దొరికింది నాలుగోది. విశాఖపట్నంలో పాత పుస్తకాలు అమ్మేచోట, అట్ట మూల చిరిగిన ప్రతిని నలభై రూపాయలకు కొన్నాను. అందులో ఆ ఎరిక్, వెయ్యేళ్ల వైకింగ్ (ఉత్తర ఐరోపా సముద్ర యోధుడు) పిశాచం, జ్ఞాపకశక్తి పోగొట్టుకుని, రాత్రివేళ రోడ్డు మీద పరుగెత్తుతూ సూకీ కంటపడతాడు. అంతకుముందు మూడు పుస్తకాల పాటు అధికారం చెలాయించినవాడు దిక్కులేని పసివాడైపోవడమే అక్కడి అందం. ముందటివి చదవని నాకు అతను మొదటి నుంచీ పసివాడే. ఆ రుచి ఒకసారి పోయిందంటే మళ్లీ రాదు. కాబట్టి 2001లో వచ్చిన 'డెడ్ అంటిల్ డార్క్' నుంచి 2013లో వచ్చిన 'డెడ్ ఎవర్ ఆఫ్టర్' దాకా, ఏడాదికొకటి చొప్పున ఏ వరుసలో వచ్చాయో ఆ వరుసలోనే చదవండి.

ఇక నా చెవుల సంగతి. మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. నాన్నగారి మందుల షాపు మీద బోర్డు ఒడియాలో ఉంటుంది, బల్ల వెనక జగన్నాథుడి పటం ఉంటుంది. ఫార్మసీ డిప్లొమా అయ్యాక ఆరేళ్ల పాటు సాయంత్రాలు అక్కడ నేనే కూర్చున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొండల మీద నుంచి సంతకు దిగే సవరలతో బేరానికి సరిపడేంత సవర. సరిహద్దు అవతలి నుంచి వచ్చినవాళ్లు నన్ను ఒడియా పిల్ల అనుకుంటారు. భువనేశ్వర్ వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లు మా ఇంటిపేరు విని, ఈ పిల్లకు లోతైన ఒడియా ఎక్కడ అర్థమవుతుందిలే అనుకుంటారు. ఇద్దరూ నా ముందే మనసు విప్పుకుంటారు. మందుల షాపుకు ఎవరూ సంతోషంతో రారు కదా. అప్పులు, దాచిన జబ్బులు, కోడలి మీద అనుమానాలు, పెళ్లి కాని కూతురి నెల తప్పడం, అన్నీ నా బల్ల మీదుగానే వెళ్లాయి.

2018 ఎండాకాలంలో ఒక సాయంత్రం మూడో పుస్తకం చివరి పేజీల్లో ఉన్నాను. అన్నదమ్ములిద్దరు చీటీ పట్టుకుని వచ్చారు. వాళ్ల తల్లి గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చుంది. పెద్దతను హిందీ, ఒడియా కలిపి మాట్లాడుతూ మందులు అడిగాడు. నెల రోజులకు ఎంతవుతుందో నేను ఒడియాలో చెప్పాను. అంతే, చిన్నవాడు తెలుగులోకి దిగాడు.

"పదిహేను రోజులకే తీసుకుందాం అన్నయ్యా. మూడు నెలలకు మించి ఉండదని డాక్టరే అన్నాడు కదా. తర్వాత పొలం అమ్ముకుని ఏడుద్దామా?"

"మెల్లగా మాట్లాడరా. అమ్మ వింటుంది."

"అమ్మ అంత దూరాన ఉంది. ఈ అమ్మాయికి మన మాట రాదు."

నేను తల ఎత్తలేదు. ఎత్తితే నా కళ్లు చెప్పేస్తాయి. ఆ చిన్నవాడిని దుర్మార్గుడని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. అతని గొంతు వణికింది. పొలం మాట ఎత్తింది అతనే అయినా, జేబులోంచి డబ్బు తీసింది కూడా అతనే. రోజుకు మూడు చొప్పున నలభై అయిదు మాత్రలు. నాలుగు షీట్లు పక్కన పెట్టి, అయిదో షీటును కత్తెరతో సగానికి కత్తిరించి, చీటీ మీద వేళలు రాసి ఇచ్చాను. వాళ్లు ఆటో పిలవడానికి రోడ్డు మీదికి వెళ్లారు.

అప్పుడు ఆ తల్లి లేచి మెల్లగా బల్ల దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నువ్వు తెలుగు పిల్లవే కదూ?"

నాకు నోట మాట రాలేదు.

"మాత్రలు లెక్కపెట్టేటప్పుడు నీ పెదాలు చూశాను. ఒకటి, రెండు, మూడు అనుకున్నావు. మా వాళ్లు ఏం మాట్లాడుకున్నారమ్మా?"

ఎన్ని భాషలు వచ్చినా మనిషి లెక్క మాత్రం అమ్మ భాషలోనే పెడతాడు. భేతాళుడిని భుజాన వేసుకుని నోరు మెదపకుండా నడుస్తున్న విక్రమార్కుడికి చివర్లో మౌనభంగం అయినట్టు, అరగంట సేపు దాచుకున్నది నా పెదాలే బయటపెట్టేశాయి. "పూటపూటకూ మరిచిపోకుండా వేసుకోమన్నారు పెద్దమ్మా. పదిహేను రోజులయ్యాక మళ్లీ రమ్మన్నారు" అన్నాను. ఆమె నా ముఖం వంక కాసేపు చూసింది. "సరేలే తల్లీ" అని నా చెయ్యి తట్టి వెళ్లింది. అబద్ధమని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసునని నాకూ తెలుసు.

వర్షాకాలం మొదట్లో పెద్దతను ఒక్కడే వచ్చాడు. మిగిలిపోయిన మూడు షీట్లు బల్ల మీద పెట్టి, "ఎవరికైనా పనికొస్తే ఇవ్వండమ్మా" అన్నాడు. ఈసారి తెలుగులోనే అన్నాడు.

ఆ సాయంత్రం వాళ్లు వెళ్లాక మూడో పుస్తకం పూర్తి చేశాను. చివరికి సూకీ విసిగిపోయి, ఇచ్చిన ఆహ్వానాన్ని వెనక్కి తీసుకుంటుంది. ఆ నవలల్లో ఇంటివాళ్లు పిలిస్తే తప్ప పిశాచం ఇంట్లో అడుగు పెట్టకూడదు. పిలుపు రద్దయితే ఎంతటివాడైనా గుమ్మం బయటికి నడవాల్సిందే. బిల్, ఎరిక్ ఇద్దరినీ అలాగే పంపించి తలుపు వేసుకుంటుంది. మన ఊళ్లలో ఒకప్పుడు తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసి దయ్యాన్ని గుమ్మంలోనే ఆపేవారు కదా, అదే నమ్మకం. దయ్యాన్ని ఆపడానికి ఒక పిలుపో, తలుపు మీద ఒక రాతో ఉంది. మాటను ఆపడానికి ఏ గడపా లేదు. ఆ అధ్యాయం చదువుతూ నేను ఏడ్చాను. ప్రేమ సన్నివేశాలకు ఎక్కడా ఏడవలేదు.

ఇంగ్లీషు నవలలు అంతగా ఎందుకు పట్టుకున్నానో కూడా అప్పుడే అర్థమైంది. మా ఊళ్లో ఎవరూ ఇంగ్లీషులో ఏడవరు. ఎవరి అప్పూ, ఎవరి జబ్బూ నా చెవిలో ఇంగ్లీషులో పడలేదు. సూకీకి బిల్ ఎలాంటివాడో, నాకు ఆ భాష అలాంటిది.

అదే ఏడాది అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాను ఊపేసింది. చెట్లు విరిగి, కొండచరియలు జారి, మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. పగలంతా షాపులో జ్వరం మాత్రలు, కట్టు గుడ్డలు ఇవ్వడం, రాత్రి లాంతరు ముందు ఏడో పుస్తకం. అందులో లూసియానా పిశాచాల రాణి 2005 నాటి కత్రినా తుఫానుకు చితికిపోయి ఉంటుంది. రాబడి పోయింది, మనుషులు చెదిరిపోయారు, శత్రువులు కాచుకుని ఉన్నారు, పైగా భర్తను చంపిందన్న విచారణ. వందల ఏళ్లు బతికిన రాణికి కూడా తుఫాను తర్వాత ఇల్లు చక్కబెట్టుకోవడం కష్టమే. పైకప్పు రేకులు ఎగిరిపోయిన ఇంట్లో కూర్చుని చదివినవాళ్లకు ఆ పుస్తకం అర్థమైనట్టు ఇంకెవరికీ కాదు. పదమూడింటిలో అదే ఉత్తమమని నా తీర్పు, దీని మీద వాదన అక్కర్లేదు.

ఇక్కడ ఒక ఫిర్యాదు. ఈ నవలల ఆధారంగా 2008 నుంచి 2014 దాకా వచ్చిన 'ట్రూ బ్లడ్' టీవీ ధారావాహిక చూసి, నవలలు చదివినట్టు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి మానండి. తెర మీద ఏళ్ల తరబడి బతికిన వంటవాడు లఫాయెట్ నవలల్లో రెండో పుస్తకం మొదట్లోనే శవమై కనబడతాడు. రెండూ వేర్వేరు కథలు.

ఇంకొకటి. ఆడవాళ్లు చదివే పుస్తకం అనగానే తేలిక చేసే అలవాటు మన వాళ్లకు ఎప్పుడు పోతుందో. మొదటి నవలకు వచ్చిన ఆంథొనీ అవార్డు అపరాధ సాహిత్యానికి ఇచ్చేది. అందులో హత్యలు చేసినవాడెవరో చివరిదాకా నాకు అంతుపట్టలేదు. అట్ట మీద కోరలు కనబడ్డాయని లోపల ఏమీ ఉండదని తేల్చేస్తే ఎలా?

వీటిని ఎవరైనా తెలుగు చేస్తే సూకీ చేత పుస్తకాల భాష మాట్లాడించవద్దు. ఆమె కష్టజీవి, ఆమె మాటలో ఊరి వాసన ఉండాలి. ఇలా అడిగే హక్కు మా ఊరికి ఉంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు, వ్యాకరణం తయారు చేశారు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పోరాడారు. సవరల కోసం మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు తెచ్చుకున్నారు. అందరి మాటా విన్న మనిషికి మందు వల్ల వినికిడి పోయింది. మందుల షాపులో కూర్చుని ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నానో చెప్పలేను.

హారిస్ కూడా సరిహద్దు మనిషే. మిసిసిపీలో పుట్టి, ఆర్కాన్సాస్‌లో లూసియానా సరిహద్దుకు దగ్గరగా ఉండే మాగ్నోలియా అనే చిన్న ఊళ్లో ఏళ్ల తరబడి ఉంటూ పక్క రాష్ట్రం కథ రాసింది. ఇవతల ఉండి అవతలి మాట వినేవాళ్లకే ఇలాంటి నాయిక పుడుతుందని నా గట్టి నమ్మకం.

(కథ ముందే తెలియకూడదనుకునేవారు ఈ పేరా దాటేయండి.) పదో పుస్తకం నుంచి కథ కొంత పలచబడుతుంది, ఒప్పుకుంటాను. పాత్రలు ఎక్కువవుతాయి. చివరిదాని మీద పాఠకులు మండిపడ్డారు. అందగాళ్లయిన పిశాచాలను వదిలి సూకీ బారు యజమాని సామ్ వైపు మొగ్గడం వాళ్లకు మింగుడుపడలేదు. సామ్ రూపం మార్చుకోగల మనిషి. అలాంటివాళ్ల మనసు సూకీకి పూర్తిగా వినబడదు, పూర్తిగా మూగగానూ ఉండదు. కోపమో, దిగులో, ఆప్యాయతో మసకగా తెలుస్తుంది, మాటలు మాత్రం స్పష్టంగా ఉండవు. మొదటి పుస్తకంలో పూర్తి నిశ్శబ్దం కోరిన పిల్ల, పదమూడోదానికి వచ్చేసరికి సగం వినబడే మనిషిని కోరుకుంది. బెంచీ మీద నుంచి లేచి వచ్చి నా పెదాలు చదివిన ఆ తల్లికి కూడా సగమే వినబడింది. ఆ సగంతోనే ఆమె నా చెయ్యి తట్టింది. ఈ ముగింపు తప్పని ఎవరైనా అంటే, పదమూడూ వరుసగా చదివి వచ్చి ఇక్కడే రాయండి. నేను జవాబిస్తాను.