వానలు తగ్గిన రోజే తేనెటీగల గుంపు ఎందుకు లేచిపోయింది?

వారం రోజుల ముసురు తగ్గి ఎండ కాసిన రోజే మీ పెట్టెలో సగం ఈగలు లేచిపోయాయి, వసంతం ఇంకా సరిగ్గా మొదలే కాలేదు, ఇదంతా వాతావరణం వల్లేనా అని అడిగారు. సగం మాత్రమే అవునండీ. విడిపోవాలన్న నిర్ణయం ముసురు పట్టకముందే జరిగిపోయి ఉంటుంది. ఎండ ముహూర్తం పెట్టిందంతే.

పెట్టెల్లో పెంచే యూరప్ జాతి, అంటే మెల్లిఫెరా ఈగల లెక్క చూడండి. రాణి గదిలో, అంటే కొత్త రాణిని పెంచడానికి కట్టిన పెద్ద మైనపు గదిలో, పెట్టిన గుడ్డు 3 రోజులకు పొదుగుతుంది, 8వ రోజుకో 9వ రోజుకో గదికి మైనం మూత పడుతుంది, 16వ రోజుకు కొత్త రాణి బయటికి వస్తుంది. మొదటి గదికి మూత పడే సమయానికి పాత రాణి గుంపును తీసుకుని బయలుదేరుతుంది. అప్పుడు వాన పడితే ఆగిపోతాయి, కానీ మనసు మార్చుకోవడం అరుదు. లోపల రాణి గదులు మాత్రం వాన కోసం ఆగవు కదా. ముసురు సాగేకొద్దీ కొత్త రాణులు బయటికి రావడానికి సిద్ధమైపోతాయి, కూలి ఈగలు వాటిని గదుల్లోనే ఆపి చిన్న సందులోంచి మేత పెడుతుంటాయి. అందుకే వానల తర్వాత లేచిన గుంపులో ఒక్కోసారి ఒకటికి మించి కన్నె రాణులు కనిపిస్తాయి. నా పెట్టెల దగ్గర కూడా ఇలాంటి గుంపులు ఎక్కువగా ముసురు విడిచిన మొదటి మంచి ఎండకే, పొద్దెక్కాక, మధ్యాహ్నం లోపే లేచాయి.

మరి ముసురు చేసిన మిగతా సగం ఏమిటంటే ఇరుకు. మేతకు వెళ్లాల్సిన ఈగలన్నీ ఇంట్లోనే ఉంటాయి. అంతకుముందు నాలుగు వెచ్చటి రోజుల్లో పుప్పొడి బాగా వచ్చి ఉంటే, పిల్లలు విపరీతంగా పెరిగి ఉంటాయి. కొత్త రాణిని పెంచకుండా ఈగలను ఆపే రాణి వాసన అందరికీ సరిగ్గా అందదు. గుడ్లు పెట్టాల్సిన గదుల్లో మకరందం, పుప్పొడి నిండిపోతాయి. ఇక్కడ చాలామంది "పైన ఒక సూపర్ (తేనె నిల్వకు పెట్టే అదనపు అర) పెట్టండి, చాలు" అంటారు. నాకు ఆ సలహా మీద పెద్దగా నమ్మకం లేదు. పైన ఎంత ఖాళీ ఉన్నా, కింద రాణికి గుడ్డు పెట్టే చోటు లేకపోతే ఉపయోగం తక్కువ. పిల్లలున్న ఫ్రేముల (అట్ట కట్టే చట్రాల) పక్కనే ఖాళీ అట్ట ఉన్న ఫ్రేమ్ ఇవ్వడం, లేదా గదులకు మూత పడకముందే పెట్టెను మనమే రెండుగా విడదీయడం నాకు బాగా పనిచేశాయి. రాణి గదులు తుంచేస్తూ పోవడం కన్నా అదే నయం, ఎందుకంటే ఒక్క గది కంట పడకపోయినా పడ్డ శ్రమంతా వృథా.

ఇప్పుడు మీరు టెన్షన్ పడాల్సింది పోయిన ఈగల గురించి కాదు, మిగిలిన పెట్టె గురించి. ఒకటి రెండు మంచి రాణి గదులు ఉంచి మిగతావి తీసేయండి, లేకపోతే వారం తిరిగేసరికి చిన్న గుంపులు ఇంకా విడిపోతాయి. తీసేముందు కన్నె రాణి అప్పటికే బయటికి వచ్చేసిందేమో చూసుకోండి. ఆ తర్వాత పెట్టెను కదిలించకండి. కన్నె రాణి జతకట్టడానికి బయటికి ఎగరాలి, దానికి 20 డిగ్రీలకు అటూఇటూ వెచ్చదనం, గాలి లేని ఎండ, ఎదిగిన పోతుటీగలు కావాలి. తొలి వసంతంలో అసలు ఇబ్బంది ఇదే. పోతుటీగ గుడ్డు నుంచి బయటికి రావడానికే 24 రోజులు, జతకట్టగలిగే ఎదుగుదలకు ఇంకో పన్నెండు రోజుల వరకు పడుతుంది. చలో వానో మూడు నాలుగు వారాలు వదలకపోతే ఆ రాణి జతకట్టకుండానే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది, అన్నీ పోతుటీగలే పుడతాయి. కూలి ఈగల గదుల మీద మూతలు ఉబ్బెత్తుగా కనిపిస్తే అదే గుర్తు. ఆ పెట్టెను, పనికిరాని రాణిని తీసేసి, రాణి ఉన్న మరో పెట్టెతో కలిపేయడమే మేలు.

గుంపు లేచిన మూడు వారాలకు ఒక ఎండ పూట తెరిచి గుడ్లున్నాయా చూడండి. లేకపోతే ఇంకో వారం ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ కనిపించకపోతే వేరే పెట్టెలోంచి గుడ్లు, చిన్న పురుగులు ఉన్న ఫ్రేమ్ ఒకటి ఇవ్వండి. రాణి లేకపోతే రెండు మూడు రోజుల్లో దాని మీద రాణి గదులు కడతాయి.

లేచిన గుంపును మీరు పట్టుకుని వేరే పెట్టెలో పెట్టి ఉంటే దాని సంగతి కూడా చెప్తాను. అవి బయలుదేరేటప్పుడు కడుపు నిండా తేనె తాగి వస్తాయి, కానీ అది కొద్ది రోజులకే. కొత్త అట్ట కట్టడానికి బోలెడు మేత కావాలి. మళ్లీ వాన పట్టేలా ఉంటే మొదటి రెండు రోజులు వదిలేసి, ఆ తర్వాత పంచదార, నీళ్లు సమానంగా కలిపిన పాకం సాయంత్రం పూట పెట్టండి. పాత పెట్టెను కూడా వెనకవైపు నుంచి కొంచెం ఎత్తి బరువు చూడండి. పిల్లలున్న చోట 34, 35 డిగ్రీల వేడి నిలబెట్టడానికి నిల్వ తేనె చలిరోజుల్లో చాలా వేగంగా కరిగిపోతుంది. ఖాళీ గదుల్లో తల దూర్చి చచ్చిన ఈగలు కనిపించాయంటే అవి ఆకలితోనే పోయి ఉండవచ్చు. బరువు తక్కువగా అనిపిస్తే అంతదాకా ఆగకుండా అదే రోజు పాకం పెట్టేయండి.