కష్టాలు మీద పడినప్పుడు అంతా దేవుడికే వదిలేస్తే నిజంగా సాయం దొరుకుతుందా?

అప్పులు పెరిగిపోయాయని, ఎటూ దారి తోచక దేవుడికే వదిలేద్దామనుకుంటున్నానని రాశారు. సాయం దొరుకుతుంది. అందులో నాకు సందేహం లేదు. నా పేచీ అంతా 'వదిలేయడం' అనే మాటతోనే. మా ఇంటి సంగతి చెబితే గానీ అదేమిటో అర్థం కాదు.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. 2021లో నాన్న సొంత ఎకరం, కౌలుకు మూడెకరాలు కలిపి మిరప వేశాడు. తోట పూతకొచ్చేసరికి నల్ల తామర పురుగు దిగింది. పువ్వు విప్పి చూస్తే లోపల నువ్వు గింజలో సగం కూడా లేని పురుగులు పదీ ఇరవై కదులుతుండేవి. చెట్టు నిండా పూతే, కాయ మాత్రం నిలవదు. ఈ పురుగు మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించిందట. ఆరేళ్ల టైమున్నా మా ఊళ్లో దాని పేరు విన్నవాడు ఒక్కడు లేడు. నీలం జిగురు అట్టలు పెట్టండి, వేపనూనె కొట్టండి, మందు మీద మందు కొడితే ఇంకా ముదురుతుందని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పారు. అప్పటికే అందరూ మూడు రోజులకో మందు కొడుతున్నారు. పురుగుమందుల కొట్టతను ఏ సీసా ఇస్తే ఆ సీసా. ఆ ఏడు మా ఊళ్లో బాగుపడింది ఆ కొట్టొక్కటే. పంట పోయిన ఏడాదే గుంటూరు యార్డులో రేటు ఎగరడం ఇంకో వేళాకోళం.

కౌలు కాకుండానే ఎకరానికి లక్ష దాటింది పెట్టుబడి. నాలుగెకరాలకూ కలిపి పది క్వింటాళ్లు వస్తే గొప్ప. నాన్న మాట్లాడటం మానేశాడు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేవాడు. ఫోన్ మోగితే "లేనని చెప్పు" అనేవాడు. సంక్రాంతికి వచ్చిన చుట్టాల్లో ఒకాయన మా ఇంట్లో గారెలు తింటూ "ఏ జన్మలో ఏం చేశారో" అన్నాడు. గారెలు మాత్రం ఆరు తిన్నాడు.

ఆ పండక్కి నేను హైదరాబాద్ నుంచి వెళ్లాను. కనుమ నాటి రాత్రి చప్పుడైతే మెలకువ వచ్చింది. వంటింట్లో అమ్మ దేవుడి గూటి ముందు కూర్చుని ఉంది. అప్పులన్నీ రాసిన నోటు పుస్తకానికి బొట్టు పెట్టి, కోటప్పకొండ శివుడు కోటయ్య పటం ముందు ఆనించింది. "ఇదిగో, ఇక నీ లెక్క నువ్వే చూసుకో. మా వల్ల కాదు" అంది. దండం పెట్టే గొంతు కాదది, కుళాయి దగ్గర పోట్లాడే గొంతు. తర్వాత లేచి, వసారాలో మిగిలిన పురుగుమందు డబ్బాలన్నీ గోనెసంచిలో వేసుకుంది. ఆ చలిలో ఎదురింటి పిన్ని వాళ్ల సామాన్ల గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవిని పుస్తెల తాడుకున్న పిన్నీసుకి తగిలించుకుంది.

"దేవుడి మీద భారం వేశావుగా, మళ్లీ తాళం ఎందుకమ్మా?" అన్నాను.

"అప్పు ఆయనకి అప్పజెప్పా. మీ నాన్నని కాదు" అంది.

తెల్లారాక నాన్నని వదల్లేదు. ముగ్గురం కలిసి మొదట పొలం ఆసామి దగ్గరికి, తర్వాత కొట్టు దగ్గరికి వెళ్లాం. "నా దగ్గర లేవు" అనే మాట నాన్న జీవితంలో ఎవరితోనూ అనలేదు. ఆ రోజు నేల చూస్తూ రెండుసార్లు అన్నాడు. ఆసామి కౌలు సగం వదిలేశాడు. కొట్టతను వడ్డీలో రూపాయి తగ్గించలేదు గానీ వచ్చే పంట దాకా ఆగుతానన్నాడు. అద్భుతమేమీ జరగలేదు. కాకపోతే ఆ రాత్రి నాన్న గురక పెట్టాడు. అది కోటయ్య పని అని అమ్మ అంటుంది, అమ్మ పని అని నేనంటాను. రెండూ ఒకటేనని ఈమధ్య అనిపిస్తోంది.

కోటప్పకొండ తిరునాళ్లలో జనం "చేదుకో కోటయ్యా" అని అరుస్తారు. చేదడం అంటే బావిలో నీళ్లు తోడినట్టు పైకి లాగడం. కుళాయిలొచ్చాక ఈ మాట పిల్లలకి తెలియడం లేదు. పైన లాగేవాడు ఎంత బలవంతుడైనా చేదకి తాడు కట్టి ఉండాలి కదా! ఇంట్లో వాళ్లకి కూడా చెప్పకుండా లోపలే కుములుతూ దేవుడికి వదిలేశానంటే తాడు తెంపుకున్నట్టే.

అనుమానం వస్తే దేవుడు పలకడని కూడా కొందరు భయపెడతారు, కొండ మీది గొల్లభామ కథే సాక్ష్యంగా చెబుతారు. వెనక్కి చూడకుండా నడువు, నీ వెంట వస్తానని స్వామి అన్నాడు. ఆమె చప్పుడుకి వెనక్కి తిరిగింది. అయినా ఆయన వెళ్లిపోలేదు, అక్కడే ఉండిపోయాడు. నేనైతే ఆ కథని అలాగే చదువుకుంటాను. పదకొండు మందికి మెసేజ్ పంపితే శుభవార్త వస్తుందనేవాళ్లని, టీవీలో యంత్రాలమ్మేవాళ్లని మాత్రం దగ్గరికి రానీయకండి.

మీరు ముందు ఎంత అప్పో కాగితం మీద రాయండి, దాన్ని ఇంట్లో ఒకరికి చూపించండి. దేవుడికి తర్వాతైనా చూపించవచ్చు, ఆయన ఏమీ అనుకోడు. బతుకే వద్దనిపించే ఆలోచన వస్తుంటే ఈ రాత్రే 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

2022 మార్చి 1న శివరాత్రికి నాన్న అమ్మతో కలిసి కొండెక్కాడు. కోటయ్యని ఏం అడిగాడో తెలియదు. దిగేటప్పుడు మాత్రం "వచ్చే ఏడు కంది వేద్దామా?" అని అడిగాడట. కందే వేశాం. కొట్టు బాకీ ఇంకా కొంచెం ఉంది, పుస్తకం ఇంకా గూట్లోనే ఉంది. తాళంచెవి కూడా అమ్మ పిన్నీసుకే ఉంది. వాళ్ల గదిలో గడ్డపార కావాలన్నా పిన్ని అమ్మ దగ్గరికే రావాలి.