దొర నోట ఓకే

అమ్మాయీ,

నీ కథ రాత్రి చదివాను. గుమాస్తా తాటాకుల కట్ట విప్పే చోటు బాగుంది. రెండో పేజీలో నీ బ్రౌన్ దొర, 1821లో, కడపలో, పండితుడితో "ఓకే శాస్త్రిగారూ" అన్నాడు. కాగితాలు పక్కన పెట్టేసి మంచినీళ్లు తాగొచ్చాను.

ఆ మాట అప్పటికింకా పుట్టలేదమ్మా. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో వచ్చింది, అదీ వెటకారానికి. అప్పట్లో అక్కడి పత్రికలవాళ్లకు ఒక సరదా ఉండేది. స్పెల్లింగు కావాలని చెడగొట్టి, ఆ తప్పు స్పెల్లింగుకు పొడి అక్షరాలు రాసేవాళ్లు. 'ఆల్ కరెక్ట్'ను 'ఓల్ కొరెక్ట్' (oll korrect) చేసి ఓ.కె. అన్నారు. రెండక్షరాలూ తప్పే, అర్థం మాత్రం అంతా సరిగ్గా ఉందని! 'ఆల్ రైట్'ను అలాగే 'oll wright' చేసి ఓ.డబ్ల్యు. అనేవాళ్లు. అది ఆ సరదాతోనే పోయింది. ఓకేను మాత్రం 1840 ఎన్నికలు కాపాడాయి. అమెరికా అధ్యక్షుడు వాన్ బ్యూరెన్‌ది కిండర్‌హుక్ అనే ఊరు. ఆయన మనుషులు 'ఓల్డ్ కిండర్‌హుక్' పేరు మీద ఓకే క్లబ్బు పెట్టారు. ఆయన ఓడిపోయాడు గానీ మాట ఊళ్లు పట్టి తిరిగింది.

ముప్పై ఏళ్ల కిందట నేనూ బోల్తాపడ్డాను. అమెరికా అంతర్యుద్ధంలో ఎవరూ చావని రోజు పలక మీద 'జీరో కిల్డ్' అనడానికి సున్నా, పక్కన K రాసేవారట, ఓకే అక్కణ్ణుంచి వచ్చిందట. ఒక వారపత్రికకు అలా రాసిచ్చాను. నా కథల్లో పేరాలకు పేరాలు కోసే ఎడిటరు, దీన్ని అక్షరం ముట్టకుండా బాక్సు కట్టి వేశాడు. వారం తిరక్కుండా ఒక రిటైర్డ్ తంతి గుమాస్తా దగ్గర్నుంచి కార్డు: "అయ్యా, యుద్ధం 1861లో. మాట 1839లో. పలక ఎవరు రాశారు?" ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది.

మాట పుట్టుక గురించి కథ ఎంత ముద్దొస్తే అంత అనుమానించు. ఈ 1839 సంగతి కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసరు అలెన్ వాకర్ రీడ్ పాత పత్రికలు తిరగేసి 1960ల్లో తేల్చింది. ఇప్పుడు కథలో గుర్రబ్బండి కనబడితే చాలు, చరిత్ర అంటున్నారు. ఎడిటర్లు దొర టోపీ చూస్తారు, నోరు చూడరు.

పోటీ గురించి, కలంపేరు గురించి ఏదో అడిగావు. ముందు ఆ రెండో పేజీ దిద్దు. దొర చేత "సరే శాస్త్రిగారూ" అనిపించు. తెలుగు నేర్చుకోవడానికే కదా ఆయన పండితుణ్ణి పెట్టుకున్నది!