అమెరికాలో ప్రొఫెసర్ నుంచి యూనివర్సిటీ ప్రెసిడెంట్ దాకా వెళ్లాలంటే ఎంబీఏ చేయాలా?

మీ ప్రశ్న: హైదరాబాద్‌లో బీటెక్ అయింది, అమెరికాలో పీహెచ్‌డీకి వెళ్తున్నారు. సురేశ్ గరిమెళ్ల లాగా యూనివర్సిటీని నడపాలన్నా, ప్రభుత్వంలో పనిచేయాలన్నా ఎంబీఏ కావాలా? అక్కర్లేదు.

ఆయన వరస చూడండి. ఐఐటీ మద్రాసులో బీటెక్, 1989లో బర్కిలీలో పీహెచ్‌డీ. పర్డ్యూ యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్‌ను చల్లబరిచే పరిశోధనకు, కంపెనీలు సభ్యత్వ రుసుం కట్టే సెంటర్ ఒకటి నడిపారు. 2010లో జెఫర్సన్ సైన్స్ ఫెలోగా, అంటే ప్రొఫెసర్లను సలహాదారులుగా తీసుకునే పథకం కింద, అమెరికా విదేశాంగ శాఖకు వెళ్లారు. తిరిగొచ్చాక పర్డ్యూలో పరిశోధన బాధ్యతలు చూసే వైస్ ప్రెసిడెంట్. 2019లో వెర్మాంట్, 2024లో అరిజోనా యూనివర్సిటీలకు ప్రెసిడెంట్. నన్నడిగితే అసలు చదువు ఆ సెంటరే. ఫలితం కనబడకపోతే కంపెనీ మరుసటి ఏడాది రుసుం కట్టదు. బడ్జెట్, పేటెంట్ హక్కుల పేచీలు, విద్యార్థుల స్టైపెండ్ అన్నీ అక్కడే చేతికి తగులుతాయి.

చాలామంది చిక్కుకునేది కాగితాల దగ్గర. జెఫర్సన్ ఫెలోషిప్ షరతులు: టెన్యూర్ (ప్రొఫెసర్ ఉద్యోగం శాశ్వతం కావడం) లేదా దానికి సమానమైన హోదా, దాంతో పాటు అమెరికా పౌరసత్వం. గ్రీన్‌కార్డు వచ్చాక మామూలుగా ఐదేళ్లకు గానీ పౌరసత్వం రాదు. మన దేశంలో పుట్టినవాళ్లకు గ్రీన్‌కార్డు క్యూయే పెద్దది కాబట్టి ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే కదలండి. యూనివర్సిటీలకు హెచ్-1బీ లాటరీ లేదు, అంతవరకు నయం. పాఠం చెప్పే ఉద్యోగానికి లేబర్ సర్టిఫికేషన్‌లో (గ్రీన్‌కార్డుకు ముందు అమెరికా కార్మిక శాఖ ఇచ్చే ధ్రువీకరణ) ప్రత్యేక వెసులుబాటు ఉంది, కానీ ఎంపికైన తేదీ నుంచి 18 నెలల్లో ఫైల్ చేయాలి. లెక్క చేరిన రోజు నుంచి కాదు. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన) కోసం ఏడాది ఆగి చేరితే గడువులో ఎక్కువ భాగం అప్పటికే కరిగిపోతుంది. దాటితే మళ్లీ ప్రకటన వేయాల్సిందే. ఆఫర్ లెటర్ మీద సంతకానికి ముందే ఇది ఎవరు, ఎప్పుడు ఫైల్ చేస్తారో ఈమెయిల్‌లో రాయించుకోండి. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం యూనివర్సిటీ వేసే పిటిషన్) ఆమోదం పొందితే, మీ ప్రయారిటీ తేదీ, అంటే క్యూలో మీ స్థానాన్ని నిర్ణయించే తేదీ, తర్వాత ఈబీ-1కి (అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లు, పేరున్న ప్రొఫెసర్ల వంటివాళ్ల గ్రీన్‌కార్డు కోటా) మారినా మీతోనే వస్తుంది.

టెన్యూర్ రాకముందు అసోసియేట్ డీన్ పని ఇస్తామంటే మర్యాదగా వద్దనండి. పేపర్లు, గ్రాంట్లు తగ్గితే ఆ పదవి మిమ్మల్ని కాపాడదు.

ఇంకొకటి. అమెరికా పౌరసత్వం తీసుకుంటే భారత పాస్‌పోర్టు వదులుకోవాలి. ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకు ఇచ్చేది) ఇక్కడ ఇల్లు కొనొచ్చు గానీ, ప్రభుత్వోద్యోగంలో సమాన అవకాశపు హక్కు ఉండదు. ఎప్పటికైనా హైదరాబాద్ వచ్చి ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో పనిచేయాలనుంటే, ఇంట్లోవాళ్లతో ఆ మాట పౌరసత్వ ప్రమాణానికి ముందే తేల్చుకోండి.