అన్నం పెట్టే ఆ పిల్లల వల్ల కాలనీకి ఏం లాభం?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో వీధి కుక్కల గురించినవే ఎక్కువ. కోపంగా రాసినవాళ్ళున్నారు, భయపడి రాసినవాళ్ళున్నారు, ఏదైనా చేయాలనుంది, దారి చెప్పమన్నవాళ్ళూ ఉన్నారు. అందుకే ఈ వారం పేజీ మొత్తం వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా కాలనీలో కొందరు కుర్రాళ్ళు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కలిసి రెస్క్యూ గ్రూపు నడుపుతున్నారు. రోజూ సాయంత్రం కుక్కలకు అన్నం పెడతారు. వీళ్ళు తిండి పెట్టబట్టే కుక్కలు పెరిగాయని అసోసియేషన్ మీటింగులో పెద్ద గొడవైంది. నాకు చిన్న పిల్లలున్నారు, భయంగానే ఉంది. నిజంగా వీళ్ళ వల్ల మనుషులకేమైనా మేలుందా? (ఒక గృహిణి, మియాపూర్)

జవాబు: ఉందమ్మా, చాలా ఉంది. కాకపోతే అన్ని గ్రూపుల వల్లా కాదు. మీ భయం కూడా ఉత్తిది కాదు, 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపేసిన సంగతి హైదరాబాద్‌లో ఏ తల్లీ మర్చిపోలేదు. అన్నం పెట్టి అక్కడితో ఆగిపోయే గ్రూపు వల్ల కుక్కకు ఆ పూట కడుపు నిండుతుంది, మీ వీధికి ఒరిగేది పెద్దగా ఉండదు. ఆ అన్నంతో అయిన మచ్చికను వాడుకుని కుక్కను పట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, మళ్ళీ అదే వీధిలో వదిలేవాళ్ళు మాత్రం మీ పిల్లల కోసం పనిచేస్తున్నట్టే. మీ గ్రూపు ఏ రకమో తెలియాలంటే ఒక్క మాట అడగండి: మన వీధిలో కుక్కలెన్ని, వాటిలో ఆపరేషన్ అయినవెన్ని? బాగా పనిచేసేవాళ్ళ దగ్గర దీనికి ఫొటోలతో సహా లెక్క ఉంటుంది.

కుక్కను పట్టడం బయటికి కనిపించేంత తేలిక కాదు. మున్సిపాలిటీ బండిని ఒకసారి చూసిన కుక్క రెండోసారి దానికి చిక్కదు, ఇంజన్ చప్పుడు వినగానే కార్ల కిందికో, ఖాళీ ప్లాట్లలోని పొదల్లోకో దూరిపోతుంది. అదే రోజూ పెరుగన్నం పెట్టే మనిషి పిలిస్తే తోక ఊపుకుంటూ వచ్చి గిన్నె దగ్గర నిలబడుతుంది. ఆపరేషన్ ముందు రాత్రి దాన్ని పస్తు ఉంచాలి, ఎందుకంటే మత్తులో ఉండగా వాంతి అయితే ప్రాణానికే ముప్పు. అందుకని వాలంటీర్లు ఆ రాత్రి ఇంటింటికీ వెళ్ళి, దయచేసి ఇవాళ బిస్కెట్లు వేయకండి, మిగిలిన అన్నం గోడ బయట పోయకండి అని బతిమాలుకుంటారు. తెల్లవారుజామున, పాలప్యాకెట్ల బండి తిరగకముందే, వల తీసుకుని బయల్దేరతారు. ఆపరేషనయ్యాక నాలుగైదు రోజులు సెంటర్లో ఉంచి, కుట్లు మానాయో లేదో చూసి, పట్టిన చోటికే తెచ్చి వదులుతారు. ఆపరేషన్ అయిందని గుర్తుగా చెవి కొస కొద్దిగా కత్తిరిస్తారు. ఈసారి మీ గేటు ముందు పడుకున్న కుక్క చెవులు చూడండి, మీ వీధిలో పని ఎంతవరకు జరిగిందో మీకే తెలిసిపోతుంది.

కుక్కలు ఏడాదంతా ఒకేలా ఉండవు. చిత్త కార్తెలో కుక్కల సంగతి మన పెద్దవాళ్ళందరికీ తెలుసు, అక్టోబరులో వచ్చే ఆ రోజుల్లో ఎదకొచ్చిన ఒక ఆడకుక్క వెనక ఊళ్ళోని మగకుక్కలన్నీ గుంపు కడతాయి, వాటిలో అవి కొట్లాడుకుంటాయి, అడ్డమొచ్చిన బైకుల వెంట పడతాయి. కుక్కకు కడుపు నిలిచాక పిల్లలు పుట్టడానికి సుమారు 63 రోజులు. అంటే డిసెంబరు చలిలో మీ మెట్ల కింద, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పిల్లలు పెట్టి ఉంటుంది, వాటి దగ్గరికి ఎవరెళ్ళినా తల్లి మీద పడుతుంది. ఎక్కువ భయపెట్టేవి ఈ రెండు కాలాలే. కాబట్టి ఎండాకాలంలో, వానల్లో మీ గ్రూపు ఎంత ఎక్కువ ఆపరేషన్లు చేయిస్తే మీకు ఆ చలికాలం అంత నిమ్మళంగా గడుస్తుంది. ఆరు నెలలు దాటని పిల్లకు ఆపరేషన్ చేయరు, పాలిచ్చే తల్లిని పట్టుకుపోరు, ఇంకా చేయించలేదేం అని వాళ్ళ మీద కోప్పడేముందు ఇది గుర్తుంచుకోండి.

టీకా విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క తేలికగా అర్థమవుతుంది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడితే వాటి మధ్య రేబిస్ పాకడం ఆగిపోతుంది. మనుషులకు వచ్చే రేబిస్ దాదాపు అంతా కుక్కకాటు వల్లే కాబట్టి, ఇది మన ఆరోగ్యం లెక్క కూడా. భూటాన్ ఈ పని పట్టుదలగా చేసి, 2023లో తమ వీధి కుక్కలన్నింటికీ ఆపరేషన్లు పూర్తయ్యాయని ప్రకటించింది.

ఇక అన్నం ఎక్కడ పెట్టాలన్న గొడవ. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పిల్లలు ఆడుకునే చోటు, మెట్లు, గేట్లు వదిలేసి, జనం తక్కువ తిరిగే ఒక స్థలం చూపించాల్సింది మీ అసోసియేషనే. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా వీధుల్లో ఎక్కడబడితే అక్కడ పెట్టొద్దు, ప్రతి వార్డులో దానికో చోటు ఏర్పాటు చేయండి అని మున్సిపాలిటీలకు చెప్పింది. వచ్చే మీటింగులో ఆ స్థలం తేల్చేయండి. తిండి పెట్టేవాళ్ళు ఆకులూ గిన్నెలూ తీసి శుభ్రం చేసి వెళ్ళాలి, ఈ విషయంలో నేను మీ అసోసియేషన్ పక్షమే.

ప్రశ్న: మా మనవడు కుక్కపిల్లతో ఆడుకుంటుంటే పన్ను గీరుకుంది, రక్తం కొంచెమే వచ్చింది. పసుపు, సున్నం పెట్టాం. పిల్ల కదా, ఏం కాదంటున్నారు మావాళ్ళు. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లంటే వాడు తట్టుకోలేడు. ఏం చేయమంటారు? (ఒక నాయనమ్మ, తాడేపల్లిగూడెం)

జవాబు: అమ్మా, ఈ పేజీ చదువుతుండగానే లేచి బాబును ఆస్పత్రికి తీసుకెళ్ళండి. రేబిస్ లక్షణాలు కనిపించాక ఇక వైద్యమంటూ లేదు, దాదాపు ప్రతిసారీ ప్రాణం పోతుంది. ముందే టీకా వేయిస్తే మాత్రం కాపాడుకోవచ్చు. కుక్కపిల్లకు కూడా రేబిస్ ఉండొచ్చు, చిన్నదని నమ్మకండి.

పసుపు, సున్నం, కారం, పసరు ఏదీ పెట్టకూడదు. కరిచిన వెంటనే కుళాయి కింద సబ్బుతో పావుగంట సేపు కడగాలి, గడియారం చూసుకుని మరీ కడగాలి, ఎందుకంటే పావుగంటంటే మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువసేపు. ఇప్పుడు ఆలస్యమైందని మానేయకండి, ఇప్పుడైనా కడిగి బయల్దేరండి. బొడ్డు చుట్టూ ఇంజెక్షన్ల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు భుజానికే, చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3వ, 7వ, 28వ రోజుల్లో వేస్తారు. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు తీసుకోరు. రక్తం వచ్చింది కాబట్టి గాయంలోనే వేసే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా కావాలి, డాక్టరు గారిని మీరే అడగండి, అక్కడ లేకపోతే ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని ఆ రోజే వెళ్ళండి.

మీ ఊళ్ళో కుక్కల గ్రూపు ఉంటే వాళ్ళకూ ఒక ఫోన్ చేయండి. ఆ పిల్లనూ, దాని తల్లినీ పది రోజులు గమనించే పని వాళ్ళు చూసుకుంటారు. ఆ పది రోజులూ చూసి అప్పుడు టీకా వేయిద్దామని మాత్రం ఆగకండి. చాలా గ్రూపుల్లో వాలంటీర్లు ఇలాంటప్పుడు ఆస్పత్రికి తోడు వస్తారు, 28వ రోజు మర్చిపోకుండా ఫోన్ చేసి గుర్తు చేస్తారు. నొప్పి తగ్గాక చాలామంది ఆ చివరి డోసు ఎగ్గొడతారు, అందుకే ఆ ఫోన్ చాలా విలువైనది.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. రెస్క్యూ గ్రూపులో చేరాలనుంది. కానీ చేతిలో డబ్బు లేదు, నిజం చెప్పాలంటే పెద్ద కుక్కలంటే టెన్షన్ కూడా. నాలాంటివాడు పనికొస్తాడా? (ఒక విద్యార్థి, ఖమ్మం)

జవాబు: తప్పకుండా పనికొస్తావు తమ్ముడూ. కుక్కను పట్టే చేతులు ఏ గ్రూపులోనైనా రెండు మూడు జతలు ఉంటే చాలు, దొరకనిది మిగతా పనులకు మనుషులు. వీధివారీ లెక్క రాసేవాళ్ళు, మున్సిపల్ ఆఫీసులో అర్జీ ఇచ్చి దాని వెనక పడేవాళ్ళు, ఫోన్లు ఎత్తి కోపంగా ఉన్నవాళ్ళతో ఓపికగా మాట్లాడేవాళ్ళు కావాలి. నన్నడిగితే నువ్వు బడులతో మొదలుపెట్టు. కుక్క ఎదురైతే పరుగెత్తకుండా చేతులు దగ్గర పెట్టుకుని కదలకుండా నిలబడాలని, తింటున్నదాని దగ్గరికి, పిల్లల తల్లి దగ్గరికి పోకూడదని, కరిస్తే తిడతారని దాచకుండా ఇంట్లో చెప్పాలని ఐదో తరగతి పిల్లలకు చెప్పడానికి అరగంట చాలు. తిడతారనే భయంతో పిల్లలు కాటు దాచడమే నాకు అన్నిటికన్నా ఎక్కువ దిగులు. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం, ఆ రోజు హెడ్మాస్టర్లు ఎవరూ కాదనరు.

కుక్కలను ముట్టుకునే పనిలోకి దిగేముందు మాత్రం నువ్వు ముందస్తు రేబిస్ టీకా వేయించుకో, వేయించుకోకుండా రమ్మనే గ్రూపులో చేరకు. చందాల లెక్కలు, ఆస్పత్రి బిల్లులు చూపించమని అడుగు, అడిగితే మొహం మాడ్చుకునే గ్రూపు కూడా వద్దు.

ప్రశ్న: మా వీధివాళ్ళు చందాలేసుకుని కుక్కలన్నింటినీ వ్యాన్‌లో పక్క ఊళ్ళో వదిలేద్దామంటున్నారు. ఒకరైతే మందు పెడదామన్నారు. ఎలా ఆపాలి? (రిటైర్డ్ ఉద్యోగి, తెనాలి)

జవాబు: మందు పెట్టడం నేరమని ముందు చెప్పండి సార్, భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. ఆ మందు ఏ పసివాడి చేతికి దొరుకుతుందో కూడా ఎవరికీ తెలియదు. పక్క ఊళ్ళో వదలడమూ చట్టం ఒప్పుకోదు, పైగా మీ వీధిలో తిండి దొరుకుతున్నంతకాలం ఖాళీ అయిన చోటుకి వేరే కుక్కలు వస్తాయి, వాటికి ఆపరేషన్ లేదు, టీకా లేదు, మీ పిల్లల మొహాలు కూడా తెలియవు. బడి, ఆస్పత్రి, బస్టాండు ఆవరణల్లో ఉన్నవాటి విషయం వేరు. అక్కడ పట్టిన కుక్కలను మళ్ళీ అక్కడ వదలొద్దని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు చెప్పింది, ఆ పని చేయాల్సింది మాత్రం అధికారులే.

ఆ చందా డబ్బు, ఆ వ్యాన్ అలాగే ఉంచి దగ్గర్లోని రెస్క్యూ గ్రూపును పిలవండి, కుక్కలకు ఆపరేషన్లు చేసే ఏబీసీ (జంతు జనన నియంత్రణ) సెంటర్‌కు కుక్కలను చేర్చడానికి బండి లేకే చాలాచోట్ల పని ఆగిపోతోంది. వీధి చివరి చికెన్ షాపు వ్యర్థాలు రోడ్డు మీద పడకుండా చూడండి. మున్సిపల్ కమిషనర్ గారికి వీధివాళ్ళందరి సంతకాలతో ఒక అర్జీ పెట్టి, అందినట్టు స్టాంపు వేయించుకోండి, నిబంధనల ప్రకారం ఉండాల్సిన స్థానిక పర్యవేక్షణ కమిటీ మన ఊళ్ళో ఉందా, చివరిసారి ఎప్పుడు కూర్చుందని అందులోనే అడగండి. జవాబు వస్తే నాకూ ఒక కాపీ పంపండి, తెనాలి నుంచి ఇదే విషయం మీద ఇంకా చాలామంది రాస్తున్నారు.